ఆమెన్ అన్నాక

మెలిస్సాకి రెండు చోట్ల ఎమ్మే సీటు వచ్చింది. దూరాన పెనాంగులో పబ్లిక్ పాలసీ. రెండేళ్ళు అక్కడే ఉండి చదవాలి. క్లాంగులో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. ఇల్లున్న బంటింగు నుంచి శనివారాలు బస్సెక్కి వెళ్ళివస్తే చాలు. శుక్రవారం సాయంత్రంలోగా ఏదో ఒకదానికి ఒప్పుకోవాలి.

"రెండూ ఒకటి కాదేటే?" అంది థెరిసా, తన చంటివాడు మార్విన్‌కి గంజి పడుతూ. అమ్మ పోయినప్పుడు ఆమె రెండో ఫారంలో, అంటే ఎనిమిదో తరగతిలో ఉండేది. చెల్లి మెలిస్సాకి ఇంకా బడి వయసే రాలేదు. ఎవరో ఒకరు వంటింట్లోకి రావాలి కదా, థెరిసా బడి మానేసి వచ్చేసింది.

"కాదక్కా. క్లాంగులో ఆఫీసు నడపడం నేర్పుతారు. బడ్జెట్టు, స్టాఫు, ఫైలెక్కడ ఆగింది, అదంతా. పెనాంగులో అయితే అసలా స్కీము ఎందుకు పెట్టినారు, ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, అది సదవాలి. అయ్య పనిసేసిన తోటల ఎస్టేటు అమ్మేసినప్పుడు కూలీల్లో కొందరికి ఇళ్ళొచ్చినాయి. అయ్యకి రాలేదు. ఎందుకు రాలేదని సచ్చేదాకా అడిగినాడు గదా. అదే నానూ అడుగుతాను. అక్కడి ప్రొఫెసరమ్మ సరేనంది."

"అయితే పెనాంగే. నన్నడుగుతావేటి మరి?"

"నువ్వు ఎల్లంటే ఎల్తాను."

ఆ ఒక్క మాటా థెరిసా నోట రాలేదు. కొన్నాళ్ళ క్రితం మార్విన్‌కి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. ఆమె చేతి తొడుగుల ఫ్యాక్టరీలో లైను మీద ఉంది, ఫోను లాకర్లో ఉంది. మెలిస్సా ఒక్కతే పక్కింటాయన మోటారు సైకిలెక్కి వాడిని క్లినిక్కుకి మోసుకుపోయింది. ఇప్పటికీ ఫ్యాక్టరీలో థెరిసా చేతులు ఆడుతున్నాయంటే, ఇంట్లో చెల్లి ఉందన్న ధైర్యంతోనే. వీధిలో పిల్లలకి ట్యూషన్ చెప్పేటప్పుడు కూడా మార్విన్‌ని ఒళ్ళోంచి దించదు మెలిస్సా.

"పిల్లడిని సూసేవోళ్ళు ఎవరో దొరుకుతారు," అన్నాడు భర్త జోనథన్, లారీ తాళాలు బల్ల మీద పడేస్తూ. "ఆ పిల్లని తీసుకెళ్ళి నీ ఉయ్యాలకి కట్టీయకు."

ఆ మాట థెరిసాకి గుచ్చుకుంది. నిజం కాబట్టే గుచ్చుకుంది. మర్నాడంతా తొడుగులు సర్దుతూ "ఎల్లు మెలిస్సా, ఎల్లు" అని లోలోపల చెప్పుకుంటూనే ఉంది. గురువారం ప్రార్థన కాగానే పైకి అనేద్దామనుకుంది.

ఆ ఇంట్లో సాయంత్రం ప్రార్థన పెద్దవాళ్ళు చేస్తారు, మిగతావాళ్ళు ఆమెన్ అంటారు. ఏ పెద్ద సంగతైనా ముందు ప్రార్థనలో పెట్టాకే తేల్చుకోవడం వాళ్ళ అలవాటు. అక్కాచెల్లెళ్ళ మాటల్లో సగం తమిళమే. కల్తీ లేని తెలుగు ఆ మోకాళ్ళ మీదే వస్తుంది, అదీ అమ్మ వాడిన మాటలతో. థెరిసా మార్విన్‌ని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, మా చెల్లి చదువు నీ చేతిలో పెడుతున్నాము..."

వెళ్ళే దారిలో తోడుండు అనాలి, తరువాత. అంతలో వాడి నుదురు అరచేతికి వెచ్చగా తగిలింది. మళ్ళీ జ్వరమా? నోరు దానంతటదే అమ్మ ప్రార్థనల దారి పట్టింది.

"నా చెల్లిని నా కళ్ళ ముందరే ఉంచు తండ్రీ. మా దగ్గర నుంచి దూరం చేయవద్దు."

అన్నాక తెలిసింది ఏమన్నదీ. కళ్ళు తెరవడానికి భయం వేసింది. జోనథన్ గొంతు వినిపించలేదు. మెలిస్సా ఒక్కతే, మెల్లగా, "ఆమెన్" అంది.

వాడికి జ్వరమేమీ లేదు. ఒళ్ళో పడుకున్న వేడి, అంతే. అన్నాల దగ్గర మెలిస్సా ట్యూషన్ పిల్లల అల్లరి చెప్పి నవ్విస్తుంటే థెరిసా కంచంలోకి చూస్తూ కూర్చుంది. అప్పుడైనా అనవలసింది.

శుక్రవారం భోజనం బెల్లు కొట్టగానే లాకరు దగ్గరికి పరుగెత్తి ఫోను చేసింది.

"పెనాంగుకే ఒప్పుకో మెలిస్సా. ఎల్లు."

"పొద్దున్నే క్లాంగుకి ఒప్పేసుకున్నానక్కా. పెనాంగుకి రానని సెప్పేసినాను."

"సాయంత్రం దాకా టైముంది గదే, ఎందుకంత తొందర?"

"నువ్వు దేవుణ్ణి అడిగినావు. నాను ఆమెన్ అన్నాను. ఇంకేటి ఉంది?"

"పిల్లడి నుదురు తగిలి బెదిరిపోయినానే. నా మనసులో ఉన్నది అది కాదు."

"తెలుసక్కా."

"తెలిసీ ఎందుకన్నావు మరి?"

"అమ్మ అలాగే ప్రార్థన సేసేదని నువ్వు సెప్తావు గదా. నాకు అమ్మ గొంతు గురుతు లేదు. నిన్న ఇన్నట్టుగా ఉంది. ఏడవకక్కా. క్లాంగు మాత్రం చెడ్డదేటి? ఆఫీసు ఉద్యోగమొస్తే నీకే మంచిది."

"ఆ ప్రొఫెసరమ్మని అడుగు. మళ్ళీ తీసుకుంటారేమో."

"అడిగినాను. నా సీటు ఇంకెవరికో ఇచ్చేసినారంట."

అంటే మెలిస్సా కూడా మాట వెనక్కి తీసుకోవాలనుకుంది. థెరిసా లాకరు తలుపు పట్టుకుంది.

"పోనీ, వచ్చే ఏడు?"

"వచ్చే ఏడు మార్విన్‌కి కాళ్ళొస్తాయి. వాడెనకాల పరిగెత్తడానికి ఇద్దరం కావాలి," అని మెలిస్సా నవ్వింది.

ఆ నవ్వులో కోపం కోసం వెతికింది థెరిసా. కాస్త ఉన్నా బాగుండేది, తిట్టించుకుని తేలికపడేది. ఎంత వెతికినా దొరకలేదు.