ఏభై సంచుల్లో ఒక్క తల్లి

‘గింజలు సేకరించినవాడు నికనోర్’ అని చర్చి వెనక మడి పక్కన పలక పాతారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నికనోర్ తల పక్కకు తిప్పుకునేవాడు. ఊళ్లో జనం దాన్ని వినయం అనుకున్నారు.

పదిహేడేళ్ల కిందట విత్తన నిలయం నుంచి ఇంజనీరమ్మ ఒఫేలియా వచ్చి అతని చేతికి ఏభై చిన్న కాగితపు సంచులిచ్చింది. కొండవాలంతా తిరిగి, ఏభై అడవి మొక్కజొన్న మొక్కల నుంచి గింజలు తేవాలి. మొక్కకో సంచి. ఒకటి చీడకు ఓర్చుకుంటుంది, ఇంకొకటి ఎండకు. అన్ని రకాలూ ఉంటేనే జాతి నిలుస్తుందని ఒకటికి రెండుసార్లు చెప్పింది. సరిగ్గా ఆ రోజే మెక్సికోలోని ఆ హలిస్కో కొండలన్నిటా పేరుమోసిన ఎద్దుల స్వారీ. మన నికనోర్ కొండెక్కితేనా! కాలవ గట్టున ఒంటరిగా, గుబురుగా ఉన్న ఒకే ఒక్క మొక్కను దులిపి ఏభై సంచులూ నింపేశాడు. ఏ మొక్కదైతేనేం, గింజ గింజే కదా అనుకున్నాడు.

తర్వాత వాలంతా దున్ని, సారా తీసే కిత్తనార వేశారు. అడవి మొక్కజొన్న ఒక్కటీ మిగల్లేదు. “మన మొక్కజొన్నకు అది తల్లి” అని నికనోర్ పిన్ని తొమాసా నిలయంవాళ్ల వెంటపడి, ఆ గింజలు తెప్పించి మడిలో వేయించింది.

మొక్కలన్నీ ఒకే ఎత్తున లేచాయి, ఒకే రోజు పూతకొచ్చాయి. తెగులు తగిలిన వారానికే అన్నీ ఎండిపోయాయి.

ఒఫేలియా వచ్చి గింజల లెక్క పుస్తకం తిరగేసింది. “ఏభై తల్లుల పిల్లలండీ! ఒక్కటైనా తట్టుకోవాలి కదా?”

“ఏభై ఎక్కడ? అన్నీ ఒక్క కడుపున పుట్టినట్టున్నాయి” అంది తొమాసా. నికనోర్ వైపు తిరిగి, “ఏరా, ఆ రోజు ఎద్దుల స్వారీకి అందరికంటే ముందొచ్చి కంచెక్కి కూర్చున్నావు. వాలంతా ఎప్పుడు తిరిగావురా, రెక్కలేమైనా మొలిచాయా?” అంది.

మడి చుట్టూ చేరినవాళ్లందరూ నవ్వారు. తనూ నవ్వేస్తే గడిచిపోయేది. కానీ సిగ్గుతో అతని మొహం కాలిపోతోంది.

“తిరగలేదు పిన్నీ. ఒక్క మొక్కే. కాలవ గట్టుది.”

నవ్వులు ఆగిపోయాయి. ఒఫేలియా పుస్తకం, కలం అతని ముందు పెట్టింది. నికనోర్ ‘ఏభై’ కొట్టేసి ‘ఒకటి’ అని రాశాడు. పిన్ని తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది.

తొమాసా ఎండిన కాడను కింద పడేసి చేతులు దులుపుకుంది.

“ఆ పూట నాతో ఒక్క మాట చెప్పి ఉంటే, నేనెక్కేదాన్ని కదరా కొండ.”