మధ్యగీత

పొద్దున్నుంచీ నక్షాలాయన కాగితం మీద స్తంభాలకి నీడలు దిద్దుతూనే ఉన్నాడు. ఏలికల ప్రమాణ స్వీకారానికి కట్టబోయే మహామందిరం అది. వెడల్పాటి మెట్లు, రెండు వరుసల రాతి స్తంభాలు, లోపల గుమ్మటం కింద ఎత్తైన వేదిక. ఊరి పెద్ద గేటు దాటిన మనిషికి వేదిక తిన్నగా కనబడాలి, దగ్గరికొచ్చేకొద్దీ తల దానంతటదే వంగాలి. ఇన్నేళ్లూ పైవాళ్ల గీతలకి సిరా పోసిన చేతికి మొదటిసారి దక్కిన సొంత పని.

గేటుకీ మెట్లకీ నడుమ గీసిన గీతకి ఒక సందు అడ్డొచ్చింది; కూల్చక తప్పదు. అందులో అక్క ఇల్లుంది. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన అక్క. నిన్న ఆఫీసుకే వచ్చి అడిగింది.

"ఆ గీతేదో కాస్త పక్కకి జరిపితే నీ సొమ్మేం పోయిందిరా?"

"మధ్యగీత అక్కా. అది జరిగితే అంతా వంకరైపోతుంది."

"నా బతుకు వంకరైతే పర్లేదన్నమాట."

అతను స్కేలు ఆనించి ఆ గీతనే మళ్లీ దిద్దాడు.

ఇవాళ సర్వేయరు రొప్పుతూ వచ్చాడు. "కూల్చడం మొదలైంది. సందులో జనమూ పోలీసులూ రక్తాలు కారేలా కొట్టుకుంటున్నారండీ. మీ అక్కగారు గుమ్మంలో కూర్చుని లేవనంటున్నారు."

అతను పరుగెత్తాడు.

రాళ్లు గాల్లో లేస్తున్నాయి. కూల్చే యంత్రం పక్కింటి కప్పుని కొరికి కింద పడేస్తోంది. లాఠీ దెబ్బకి మోకాలి చిప్ప పగిలి బావ దుమ్ములో దొర్లుతున్నాడు. ఒక పోలీసు అక్క జుట్టు మణికట్టుకి చుట్టుకుని, గుమ్మంలోంచి వీధిలోకి ఈడుస్తున్నాడు.

"వదలరా! మా అక్కరా అది!"

వాడు వదల్లేదు. పుట్టి బుద్ధెరిగి ఎవరిమీదా చెయ్యెత్తని మనిషి ఇటుక అందుకుని వాడి మొహం మీద మోదాడు. పళ్లు రాలాయి. మళ్లీ మోదాడు. ఆ తర్వాత నలువైపులనుంచీ లాఠీలు అతని మీద పడ్డాయి. తల మీద, చెవి మీద, వేళ్ల మీద.

అక్క మీదపడి అడ్డుకునేసరికి ఆలస్యమైంది. అతని తల ఒళ్లోకి తీసుకుంది. అతని నోట్లోంచి నురగతో పాటు మాట వచ్చింది.

"జరుపుతా అక్కా..."

"ఇంకేం జరపక్కర్లేదు నాన్నా. పడుకో."

ఆసుపత్రి బండి వచ్చేలోపే ఊపిరి ఆగిపోయింది.

యంత్రం మాత్రం ఆగలేదు. పొద్దు వాలేసరికి గేటు దగ్గర నిలబడితే మెట్లు రావలసిన చోటు దాకా చూపుకి అడ్డు లేదు. ఒక్క మూల మొండిగోడ మిగిలింది. దాని మేకుకి అక్క తల దువ్వుకునే అద్దం, అద్దం వెనక దోపిన దువ్వెన, దువ్వెన పళ్లలో రెండు తెల్ల వెంట్రుకలు.