మెత్తబడ్డ హామ్

ఆడపడుచు సూట్‌కేసుతో గుమ్మంలో నిలబడగానే వదినకు ఒళ్లు మండింది. మనిషి వచ్చినందుకు కాదు, ఆ సూట్‌కేసు ఖాళీగా ఉన్నందుకు. అంత పెద్ద సూట్‌కేసును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుందంటే లోపల ఏమీ లేనట్టే కదా. అంటే సర్దుకుని పోవడానికి వచ్చిందన్నమాట. ఏం సర్దుకుని పోతుందో కూడా వదినకు తెలుసు. మామగారి చొక్కాలు, మామగారి మందులు, ఆ పైన మామగారు.

వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి వదినా అనే పిలుస్తారు. మనమూ అలాగే పిలుద్దాం. పెద్ద హోటల్ వెనకాల బట్టలుతికే గదిలో పని. పొద్దున వెళితే సాయంత్రం దాకా ఆవిరి ఇస్త్రీ ముందు నిలబడి దుప్పట్లు, దిండు గలేబులు, చేతి గుడ్డలు. ఆ వేడికి తగ్గట్టే నోరు. కోపం వస్తే ఎదుట ఎవరున్నారని చూడదు. మొగుడికి ఆ సంగతి పెళ్లయిన మర్నాడే తెలిసొచ్చింది. అప్పటినుంచీ ఆయన దేనికైనా "సరే" అనే అంటాడు. అందుకే ఇంట్లో ఆయన పేరు సరేగారు.

"నాన్న చిక్కి సగమయ్యాడు వదినా," అంది ఆడపడుచు చిట్టి, చెప్పులు కూడా విడవకుండా. "నువ్వా పనికి పోతావు. నీకు తీరికెక్కడిది? కొన్నాళ్లు నా దగ్గర పెట్టుకుంటా."

మాట పంచదారలో ముంచినట్టే ఉంది. లోపల ఉన్నది మాత్రం వదినకు బాగానే వినిపించింది. నువ్వు మా నాన్నకు తిండి పెట్టడం లేదు, అదీ సంగతి.

అయ్యో, పెట్టకపోవడమేమిటి. అత్తగారు పోయిన దగ్గర్నుంచీ ఆ పెద్దాయనకు వేళకు తిండి పెట్టింది ఎవరు? చొక్కాలు ఇస్త్రీ చేసింది ఎవరు? కళ్లజోళ్ల దుకాణంలో కూర్చుని పండక్కో పబ్బానికో ఫోన్ చేసే ఈ చిట్టేనా? కానీ ఆయన చిక్కిన మాట నిజం. చొక్కా భుజాలు జారుతున్నాయి. పెట్టింది పెట్టినట్టు తింటున్నట్టే ఉంటాడు, పళ్లెం ఖాళీ చేస్తాడు, లేచి గబగబా బయటకు పోతాడు. తిన్నదంతా ఎక్కడికి పోతోందో వదినకు అంతు చిక్కలేదు. అంతు చిక్కకపోతే ఆవిడ చేసే పని ఒక్కటే, విసుక్కోవడం.

ఇంకోటి కూడా ఉంది. ఆయన రుమాళ్లు. ప్రతి రుమాలూ జిడ్డు. మధ్యలో గోధుమరంగు మరక, అంచుల దాకా నూనె. మరకల దగ్గర వదినకు తిరుగులేదు. కాఫీ అయినా, రక్తమైనా, లిప్‌స్టిక్ అయినా ఆవిడ చేతిలో పడితే పోవాల్సిందే. ఈ రుమాళ్లూ అలాగే తెల్లగా చేసి, నాలుగు మడతలు వేసి ఇచ్చేది. ఇస్తూ దులిపేసేది. "ముక్కు తుడుచుకోమని ఇస్తే మూతి తుడుచుకుంటారేం మామయ్యగారూ? దానికి బల్ల మీద తుడుచుకునే కాగితాలు పెట్టానుగా. పొద్దస్తమానం అక్కడ ఊళ్లోవాళ్ల మరకలు, ఇంటికొస్తే మీ మరకలూనా?" ఆయన తల వంచుకుని రుమాలు జేబులో పెట్టుకునేవాడు.

సరే, హామ్ సంగతికొద్దాం. ఉప్పులో ఊరబెట్టి, పొగబెట్టి, ఉడికించిన పంది తొడ మాంసం. పైనాపిల్‌తో కలిపి ఓవెన్‌లో పెట్టి చేస్తే పెద్దాయనకు ప్రాణం. ఆ వంటలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మాంసాన్ని పలకల్లా కోసి ట్రేలో పరుస్తారు. పలకకూ పలకకూ మధ్య పైనాపిల్ చక్రం ఒకటి దూరుస్తారు. బ్రౌన్ షుగరూ ఆవాల ముద్దా పండు రసంలో కలిపి పైన పూస్తారు. నాలుగు లవంగాలు గుచ్చి ఓవెన్‌లోకి తోస్తారు. అంచులు నల్లబడి, తీపి పాకం బుడగలొస్తుంటే తీసేయడమే. తీపీ ఉప్పూ కలిసి ఒకే ముక్కలో తగులుతాయి. అంత తేలిక.

తేలికే, ఒక్క మెలిక తప్ప. వదిన ఎప్పుడూ డబ్బాలో వచ్చే పైనాపిలే వాడుతుంది. ఎందుకంటే అది ముందే ఉడికిన పండు, దానివల్ల ఏ ప్రమాదమూ లేదు. మొక్క నుంచి కోసిన, ఉడకని పచ్చిపండు అలా కాదు. దాన్ని మాంసం పక్కన గంటల తరబడి ఉంచారో, అది మాంసాన్ని అరిగించి గుజ్జు చేసేస్తుంది. హోటల్ వంటగదిలో అలా ఒక పెళ్లి విందు మొత్తం పాడైపోయి వంటవాళ్లు తలలు పట్టుకోవడం వదిన తన కళ్లతో చూసింది.

మర్నాడు సాయంత్రం ఆవిడ పని నుంచి వచ్చేసరికి చిట్టి వంటగదిలో చేతులు కడుక్కుంటోంది. గదంతా పైనాపిల్ వాసన.

"రేపు మధ్యాహ్నం హామ్ నేను చేస్తున్నా వదినా. నువ్వు హాయిగా కూర్చో. అన్నీ పరిచి ఫ్రిజ్‌లో పెట్టేశా, రేపు ఓవెన్‌లో పెట్టడమే. డబ్బా పండు ఎందుకని మంచి తాజా పండు తెచ్చా."

వదిన ఫ్రిజ్ తెరిచింది. ట్రే నిండా హామ్ పలకలు, వాటి మధ్య పచ్చిపండు చక్రాలు. అవి రేపు మధ్యాహ్నం దాకా అలాగే ఉంటాయి. చిట్టీ, ఆ పండు ఇప్పుడే తీసెయ్. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి చిట్టి అంది, "ప్రేమగా పెడితే తినని మనిషి ఉంటాడా వదినా? నాన్న రేపు ఎలా తింటాడో చూడు."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో వదినకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లు తను పెట్టింది ప్రేమ కాదన్నమాట, గడ్డీ గాదరా అన్నమాట. వచ్చిన మాటను మింగేసి ఫ్రిజ్ తలుపు మూసింది. "అలాగే చూద్దాం," అంది.

ఆ రాత్రి ఆవిడకు నిద్ర సరిగ్గా పట్టలేదు. తప్పు చేస్తున్నానని కాదు. రేపు చిట్టి మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటే సంతోషం ఆగక.

మర్నాడు వదినకు సెలవు. మధ్యాహ్నం నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఓవెన్‌లోంచి తీసిన ట్రే చూడటానికి లక్షణంగానే ఉంది. పైన పాకం మెరుస్తోంది, అంచులు నల్లబడ్డాయి. గరిటె పెట్టగానే దాని బండారం బయటపడింది. పలక పలకలా లేవలేదు. అట్టడుగు దాకా ముద్దయిపోయి, గరిటెలోంచి పళ్లెంలోకి జారింది. వదిన ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమలడానికి ఏమీ లేదు. చప్పరిస్తే పోతోంది, తడిసిన అట్టముక్కలా. సరేగారు ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, "సరే, బాగుంది," అన్నాడు. చిట్టి మొహం పాలిపోయింది.

వదినకు కడుపు చల్లబడింది. చూడవే తల్లీ, నీ ప్రేమ ఎలా ఉడికిందో.

"ఇంకొంచెం వెయ్యి చిట్టీ," అన్నాడు పెద్దాయన.

వేసింది. ఆయన తిన్నాడు. ఎవరివంకా చూడకుండా, తొందరపడకుండా, పాకం వేలితో నాక్కుని మరీ తిన్నాడు. మళ్లీ పళ్లెం చాపాడు. మళ్లీ వేసింది. చిట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూశావా వదినా? ఎన్నాళ్లయిందో మా నాన్న ఇలా తిని."

ఇక వదిన ఆగలేకపోయింది. చేతిలో చెంచా బల్ల మీద విసిరికొట్టింది. "ఏం చూడమంటావ్? అది పాడైపోయిన మాంసం. పచ్చిపండు పక్కన రాత్రంతా పెడితే గుజ్జయిపోతుందని ఎవర్ని అడిగినా చెప్తారు. నేను నిన్న సాయంత్రమే చూశా, ఇది ఇలాగే తగలడుతుందని అప్పుడే అనుకున్నా."

 సరేగారు తలెత్తాడు. "చూసి కూడా చెప్పలేదా?" అన్నాడు. ఆయన నోట సరే కాని మాట రావడం ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు. వదినకు తల కొట్టేసినట్టయింది.

మొహం తిప్పుకోబోతుంటే మామగారి చెయ్యి పక్కన ఏదో తెల్లగా కనిపించింది. రుమాలు. పొద్దున తను ఇచ్చిందే. నాలుగు మడతలూ నాలుగు మడతల్లాగే ఉన్నాయి. ఎక్కడా చిన్న మరక లేదు. ఆయన దాన్ని విప్పనే లేదు.

వదిన ఆ రుమాలు వంకే చూస్తూ ఉండిపోయింది. గోధుమరంగు మరక, అంచుల దాకా నూనె. మూతి తుడుచుకుంటే రుమాలు మధ్యలో అంత జిడ్డు ఎలా అవుతుంది? అందులో ఏదో మూట కడితే కదా అయ్యేది. ఇన్నాళ్లూ ఆ మరకను ఎలా వదిలించాలా అని చూసిందే తప్ప, ఎలా పడుతోందని ఒక్కనాడైనా ఆలోచించలేదు. నమలక్కర్లేనిది పెడితేనే ఇలా తింటున్నాడా?

"మామయ్యగారూ, నోరు తెరవండి."

"ఇప్పుడెందుకమ్మాయ్..."

"తెరవండి."

తెరిచాడు. కట్టుడు పళ్ల సెట్టు ఒక పక్కకు ఒరిగి ఉంది. దాని కింద చిగురు పుండయి ఎర్రగా వాచి ఉంది.

"ఎన్నాళ్లనుంచి?"

"చలికాలం నుంచి అనుకుంటా. నమలబోతే ప్రాణం పోతుంది. నీ వంటకేం లోటు లేదమ్మా. మింగలేక..." ఆయన రుమాలు వంక చూశాడు. "పిల్లులకు వేసేవాణ్ణి."

"నాకు చెప్పడానికేం?" ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "కడుపు మాడ్చుకున్నారు కానీ నాకొక్క మాట చెప్పలేకపోయారా? నేనేమైనా కొరుక్కు తింటానా?"

 దానికి జవాబు ఆవిడే అరిచి చూపిస్తోంది కదా. ఆ సంగతి వదినకే తెలిసి అరుపు ఆపేసింది. ఇప్పుడు ఆవిడకు చిట్టి మీద కోపం లేదు, ముసలాయన మీదా లేదు. ఉన్నదంతా తన మీదే. దాన్ని ఎక్కడ విసిరికొట్టాలో తెలియలేదు.

"రేపే పళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్తా," అంది, వీలైనంత నెమ్మదిగా. "చిగురు మానేదాకా అన్నీ మెత్తగా చేసి పెడతా. ఇక్కడే ఉండండి మామయ్యగారూ."

ఆవిడ ఎవరినీ ఏదీ బతిమాలి ఎరగదు. మాట తడబడింది.

పెద్దాయన పళ్లెంలో మిగిలిన పాకాన్ని చెంచాతో దగ్గరకు లాగాడు. "నాకు బాగానే ఉందనుకో. కానీ అది చెడిందనే కదమ్మా నువ్వు అనుకున్నావు," అన్నాడు. గొంతులో కోపం లేదు. "చెడిందని తెలిసి కూడా నా పళ్లెంలో పడనిచ్చావు."

 మాటకు మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండే వదిన, లేచి ట్రే తీసుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం చిట్టి సూట్‌కేసు మంచం మీద తెరిచింది. చొక్కాలు వదినే సర్దింది, మడత నలగకుండా, కాలర్లు ఒకదానికొకటి ఎదురుగా పెట్టి. మందులు ఒక సంచిలో వేసింది. మొహం ధుమధుమలాడుతూనే ఉంది. సర్దుతూ సర్దుతూ చిట్టితో మాట్లాడింది.

"ముందు డాక్టరుకు చూపించు. సెట్టు మళ్లీ చేయించాలి, చిగురు మానకముందు కాదు. హామ్ చేస్తే డబ్బా పండు వాడకు. పచ్చిదే వాడు. పలకలు పలచగా కోసి, పండు మధ్యలో పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. నిన్న చేసినట్టే. తెలిసిందా?"

నిన్న ఫ్రిజ్ దగ్గర మింగేసిన మాట ఈ పూట ఇలా బయటికొచ్చింది. చిట్టి తల ఊపింది. 

ఆఖరున వదిన అలమర తెరిచి రుమాళ్ల దొంతర తీసింది. అన్నీ తెల్లగా, నాలుగు మడతలతో, తను ఇస్త్రీ చేసినవే. సూట్‌కేసులో చొక్కాల మీద పెట్టింది. కుర్చీలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్న మామగారు తలెత్తి చూశాడు.

"అవన్నీ ఎందుకమ్మాయ్," అన్నాడు మామూలుగా. "అక్కడ వాటితో పనుండదుగా."

వదిన దొంతర తీసి ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. సూట్‌కేసు మూత చిట్టి వేసింది.