ఎనిమిది గుణాల లెక్క

కల్పలత కన్యారాశి గడిలో 'శు' అని రాసి, పెన్ను పైకెత్తి, పాత పంచాంగంలో ఆ తేదీ మీద వేలు పెట్టి మళ్లీ చూసుకుంది. శుక్రుడు నీచలోనే ఉన్నాడు. ఎంత బతిమాలినా కదలడు. నలభై రెండేళ్లుగా గ్రహాలతో ఆమెకున్న ఒప్పందం అదొక్కటే. అవి ఎక్కడుంటే అక్కడే రాయాలి.

రాంగోపాల్‌పేట్‌లో ఇనుప సామాన్ల దుకాణాల వెనక సందులో, మేడ మీద ఒంటి గది ఆమెది. మెట్ల కింద ఎల్లమ్మ ఇస్త్రీ బండి. గదిలో ఒక చాప, చాప మీద పొట్టి కాళ్ల రాతబల్ల, గోడ పొడవునా ఏడాదికొకటి చొప్పున అరవై ఏళ్ల పంచాంగాలు. అరవై ఒక్కేళ్ల కల్పలత బక్కపలచని మనిషి. కుడిచేతి మధ్యవేలికి పెన్ను ఒరుసుకుని కాయ కాసింది. నెరిసిన ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉంటుంది. కూర్చుంటే మాత్రం వెన్ను గోడకు ఆనించదు. ఆనిస్తే లెక్క తప్పుతుందని మామగారు నేర్పిన అలవాటు.

పొద్దున్నే వచ్చిన పెద్దమనిషి ఫోనులో వేసుకున్న జాతకం చూపించి, బిడ్డకు కుజదోషం ఉందట అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పన్నెండున్నర అని కొట్టాడట. పిల్ల పుట్టింది రాత్రి పన్నెండున్నరకు. ఫోను పగలు పుట్టించింది. కల్పలత లగ్నం తిరిగి కట్టి, "దోషం పిల్లకు లేదు, మీ వేలుకున్నది" అనేసరికి ఆయన ఏడుపు ఆపి నవ్వాడు.

అలాంటివి ఆమెకు లెక్కలోకి రావు. ఆమె వచ్చిన దారే వేరు. పంతొమ్మిదేళ్లప్పుడు జనగామ నుంచి ఆమె జాతకం ఈ గదికి వచ్చింది. మామగారు సిద్ధాంతి. కొడుకు ఓంప్రకాశ్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మామగారు పొంతన చూస్తే ముప్పైఆరు గుణాలకు కుదిరినవి ఎనిమిదే. కాగితం మడవబోతూ ఆగిపోయాడు. ఊరి పంతులు తప్పు కట్టిన లగ్నాన్ని ఎవరో పెన్సిల్‌తో దిద్దారు. ఎవరని అడిగితే, పిల్లే అన్నారు. ఆయన భార్యతో అన్న మాట తర్వాత చుట్టాలందరూ చెప్పుకున్నారు: "గుణాలు ఎనిమిదే. పిల్ల లెక్క మాత్రం ముప్పైఆరుకు ముప్పైఆరు."

ఆయన చూపు మందగించాక పంచాంగం చదివింది, గడులు గీసింది, రాసింది ఆమే. ఆయన పోయాక చెప్పేదీ ఆమే అయింది.

పదకొండు దాటాక ఒక తల్లీకూతుళ్లు మెట్లెక్కి వచ్చారు. తల్లికి నలభై ఏడెనిమిదేళ్లుంటాయి. మెడలో టేపు వేలాడుతోంది, కుట్టుపని మధ్యలో లేచి వచ్చినట్టు. పేరు రజిత అని చెప్పింది. కూతురు ప్రవళిక ఏ.ఎస్. రావు నగర్‌లో ఏదో ఆఫీసులో పనిచేస్తుందట.

"సిద్ధాంతిగారు లేరా అమ్మా?"

"మామ పోయి పద్నాలుగేండ్లాయె. నేనే చూస్త. కూసోండ్రి."

రజిత కాసేపు తటపటాయించి కూర్చుంది. "పిల్లగాని పేరు నాగసాయి. దీని ఆఫీసులనే చేస్తడు. ఇద్దరు ఇష్టపడ్డరు. జాతకం కుదరకుంటే మానుకుంటనని ఇది నాకు మాటిచ్చింది. మీరు చూసి చెప్పుండ్రి."

ప్రవళిక తల ఎత్తలేదు. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

కల్పలత రెండు చక్రాలు గీసింది. నక్షత్రాలు తీసింది. నాడి కుదరలేదు, రాశి కుదరలేదు. ఒక్కొక్కటే కూడి, అడుగున గీత గీసి అంకె వేసింది. రెండోసారి కూడింది. మారలేదు.

"తొమ్మిది" అంది.

"విన్నవా?" అంటూ రజిత సగం లేచింది. ఆమె గొంతులో గెలిచిన సంతోషం లేదు, భయం ఉంది. ప్రవళిక వేలి చుట్టూ చున్నీ బిగుసుకుపోయింది.

"జెర ఆగు బిడ్డా. ఇంక అయిపోలే. గుణాలు తక్కువ, నిజమే. కానీ ఏడో ఇల్లు ఆలుమగలది. అది ఇద్దరికీ గట్టిగున్నది. అదీ నిజమే."

రజిత సంచిలోంచి మడతలు చిరిగిన పాత కాగితం తీసి బల్ల మీద పరిచింది. "గిది చూడుండ్రి. నా పెండ్లిది. గీ గదిలనే, గీ గోడ ముంగట కూసోని రాయించిండు మా నాయన. ముప్పై గుణాలు! మూడేండ్లకు మనిషి ఇడిచిపెట్టి పోయిండు. ఇది అప్పటికి నడుస్తలేదు కూడా. ముప్పైకే నా బతుకు గిట్లయితే తొమ్మిదికి ఏమైతది?"

కింద మామగారి పేరు. పైనంతా కల్పలత చేతిరాత. ఆ గుండ్రటి 'ప', తోక ఎక్కువ సాగిన 'ర'. చూసిన వెంటనే గుర్తొచ్చింది. వేల కాగితాలు రాసిన చేతికి ఈ ఒక్క కాగితం ఇరవై ఆరేళ్లుగా అప్పుడప్పుడు గుర్తొస్తూనే ఉంది.

మామగారు చూశారు, ఆయన లేరు అంటే సరిపోయేది. అడిగేవాళ్లు ఎవరూ లేరు. కల్పలత కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"రాసింది నేనే. పిల్లగాని జాతకంల ఏడో ఇంటి అధిపతి పన్నెండో ఇంట్ల వడ్డడు. నిలకడ లేని మనిషి అని నాకు కనవడ్డది. మామకు చెప్పిన. ముప్పై గుణాలున్నంక అది ఎందుకు రాసుడు, మంచి పెండ్లి ఆగుతది అన్నడు. నేను రాయలే. నాది తప్పు బిడ్డా." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "ఆనాటి సంది నేను చూసింది రాయకుండ ఒక్క కాగితం సుత ఎవ్వరి చేతిల పెట్టలే."

రజిత కళ్లు కాగితం మీద లేవు, కల్పలత ముఖం మీద ఉన్నాయి. ఇన్నేళ్లలో తన బతుకు ఇలా అయినందుకు తన కర్మ అన్నవాళ్లే గానీ, నాది తప్పు అన్న మనిషి ఆమెకు ఇదే మొదటిసారి ఎదురుపడింది.

ప్రవళిక నెమ్మదిగా అడిగింది. "తొమ్మిదితోని ఎవరన్న మంచిగున్నరా అమ్మా?"

"నేను ఎనిమిదితోని ఉన్న."

ప్రవళిక తలెత్తింది.

"ఆయన పోయేదాంక ముప్పై మూడేండ్లు. మాకు పిల్లలు పుట్టలే. నాడి కుదరకుంటే పుట్టరంటది శాస్త్రం. అది దాచిపెట్టి చెప్తే మల్ల పాత కాగితమే అయితది, అందుకే చెప్తున్న. కానీ మా ఆయన వర్క్‌షాపు నుంచి వచ్చేసరికి నేను లెక్కల ఉంటే, చేతులకు గ్రీజు కడుక్కోని తనే అన్నం వండేటోడు. నీ గ్రహాలు కదలొద్దు, నేను కదుల్త అనేటోడు." ఆమె వెన్ను ఇంకాస్త నిటారైంది. "నేను తొమ్మిదే రాస్త. ఏడో ఇల్లు గట్టిగున్నదని సుత రాస్త. అవతల మీ ఇష్టం."

రాసి ఇచ్చింది. రజిత కొత్త కాగితం తీసుకుంది. పాతదాన్ని కూడా మడిచి సంచిలో పెట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగిపోయారు.

కల్పలత మధ్యాహ్నం పెరుగన్నం తిని, గిన్నె కడుక్కుని, పొద్దుటి శుక్రుడి దగ్గరికి మళ్లీ వచ్చి కూర్చుంది. ఇంకో ఇద్దరు వచ్చి వెళ్లారు. ఎడమ భుజం లాగుతున్నట్టుంటే రుద్దుకుంది. తప్పు ఒప్పుకున్న మనిషికి సిగ్గు ఉండాలి. ఉంది. దాని పక్కనే మరొకటి కూడా ఉంది. మొత్తం లెక్క చెప్పాను అన్న నిబ్బరం.

నాలుగింటికి రజిత ఒక్కతే వచ్చింది. ఈసారి మెడలో టేపు లేదు. ముఖం కడుక్కుని బొట్టు పెట్టుకుంది.

"పిల్ల పెండ్లికి ఒప్పుకున్న" అంది నిలబడే.

"మంచిది."

ఆమె వెళ్లలేదు. చీర కొంగు సర్దుకుంది, గోడ మీది పంచాంగాల వైపు చూసింది. "నాది సుత జెర చూస్తరా అమ్మా? నా కుట్టు షాపు పక్కన తిరుమల్ అని. లైనింగు గుడ్డలు, బటన్లు అమ్ముతడు. భార్య పోయి ఆరేండ్లాయె. నీది నాది షాపులు కలుపుదామంటుండు. షాపులే కాదు..." అని ఆగిపోయింది. చెవుల దాకా ఎర్రబడింది.

"ఆయన పుట్టిన తేది తెల్సునా?"

రజిత పిడికిలి విప్పింది. అరచేతిలో బటన్ల అట్ట. దాని వెనక తేది, సమయం, ఊరు నీలం పెన్నుతో ముత్యాల్లా రాసి ఉన్నాయి.

"ఆయననే రాసిచ్చిండు. నవ్వుతున్నరా?"

"నవ్వుతలేను బిడ్డా. సంబురపడుతున్న. రేపు పొద్దుగాల రా."

రజిత దిగి వెళ్లాక కల్పలత చాలాసేపు ఆ అట్టను చూస్తూ కూర్చుంది. ఈ గదిలో మోసపోయిన మనిషి ఈ గదికే తిరిగి వచ్చి కూర్చుంది. మామగారికి ఊళ్లో సన్మానం చేసి శాలువా కప్పిన రోజున కూడా ఈ ఇంటికి ఇంత గౌరవం దక్కలేదనిపించింది. ముడిలోంచి పెన్సిల్ తీసింది. రేపటికి ఆగబుద్ధి కాలేదు. రజిత చక్రం ఇరవై ఆరేళ్లుగా గుర్తున్నదే. కొత్త కాగితం మీద పన్నెండు గడులు గీసింది.

ఆరు కావస్తుండగా ఎల్లమ్మ చాయ్ తీసుకుని పైకి వచ్చింది. "అక్కా, లైటన్న ఏసుకోవా?" అంటూ స్విచ్చి వేసింది. కల్పలత వెన్ను గోడకు ఆనించి కూర్చుని ఉంది. ఎల్లమ్మ ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు. తల పక్కకు వాలింది. ముఖంలో బాధ లేదు. మంచి లెక్క తేలినప్పుడు ఉండే ముఖమే.

మర్నాడు పొద్దున రజిత వచ్చేసరికి సందులో జనం ఉన్నారు. ఎల్లమ్మ పేరు అడిగి, కళ్లు తుడుచుకుంటూ మడిచిన కాగితం తెచ్చిచ్చింది. "పైన నీ పేరున్నదంట. చదువొచ్చినోళ్లు చెప్పిండ్రు."

రజిత మెట్ల మీదే విప్పింది. రెండు చక్రాలు, కూడిక, ఏదీ వదల్లేదు. కింద అదే గుండ్రటి రాత: 'గుణాలు ఇరవై ఒకటి. ఆయనకు కోపం ఎక్కువ, తొందరగా దిగుతుంది. ఏడో ఇల్లు నిలిచి ఉంది. చూసినదంతా రాశాను. కల్పలత.'

ఆమె ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకి వెళ్లి, గడప దగ్గర వంగి దండం పెట్టింది. మనిషిని అప్పటికే కిందికి దించారు. చాప చుట్టి మూలన పెట్టారు. రాతబల్ల మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయలేదు. దాని మీద బటన్ల అట్ట బోర్లా పడి ఉంది, తేది పైకి కనబడేలా. రజిత తిప్పి చూసింది. ఆరు తెల్ల బటన్లు, ఒక్కటీ ఊడకుండా, దారంతో కుట్టి ఉన్నాయి.