అడ్డం ఉంటే పారదు

మాంత్రికురాలు నీలవేణి చచ్చిందంటే హేమశ్రీ బజ్జీలు వెయ్యాలి. గాజువాకలో గోపి వాళ్ళ మేడమీద గదిలో, ఆదివారం మధ్యాహ్నం ఆటకి అదీ కట్టుబాటు. ఆటలో చచ్చినవాళ్ళకి ఆ కథ ముగిసేదాకా వేషం లేదు. గది మూలనున్న స్టవ్వే గతి.

ఆటంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కాలేజీ నాటి స్నేహితులు నలుగురు కూచుని ఒక కథ ఆడతారు. ఒక్కొక్కరికీ ఒక వీరుడో మాంత్రికురాలో వేషం. హేమశ్రీది నీలవేణి. కథ నడిపేవాడు మాస్టరు. కత్తి తగిలిందా, మంత్రం పారిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అంకె ఎంత పెద్దదైతే దెబ్బ అంత గట్టిది. మాస్టరు గుణశేఖరు మద్దిలపాలెం నుంచి బండేసుకొచ్చి, చీరల పెట్టె అట్ట ఒకటి ముందు నిలబెట్టుకుని, దాని వెనకే పాచిక వేస్తాడు. కథ రహస్యాలు ఎవరికీ కనపడకూడదట. ఏం రహస్యాలో, ఆయన మొహం!

సత్యశ్రీ ఆడే వీరనారి ఏడాది కిందటే పోయింది. రాతి తలుపు మూసుకుని లోపల కూచుంటే, తలుపులోంచి బాణం దూరి చంపేసిందన్నాడు మాస్టరు. "మంత్రబాణానికి రాయేటి, రప్పేటి?" అన్నాడు. పాపం సత్యశ్రీ ఆ రోజు నుంచీ శనగపిండి కలుపుతూనే ఉంది.

ఇవాళ రాక్షసరాజు కోటలో చిట్టచివరి గది. అడ్డంగా తాటాకు తడక. కన్నాల్లోంచి వాడి ఎర్రకళ్ళు కనపడుతున్నాయని మాస్టరే చెప్పాడు.

"అగ్నిగోళం వేత్తన్నాను," అంది హేమశ్రీ.

"కుదరదు. తడకుంది గదా. అడ్డం ఉంటే మంత్రం పారదు."

"తాటాకు తడకే గుణా! మా ఊళ్ళో కుక్కలు దూరిపోతాయి దాంట్లోంచి. నిప్పు తగిల్తే అంటుకోదేటి?"

"గాజైనా, గుడ్డైనా, దోమతెరైనా ఒకటే. రూలంటే రూలు."

"మరి సత్య చచ్చినప్పుడు రాతి తలుపో?"

"అది బాణం."

"మంత్రబాణం!"

"బాణమే గదా మరి."

"బావ సెప్పింది లాజిక్కే," అన్నాడు గోపి. వీడికి గుణశేఖరు తుమ్మినా లాజిక్కే.

అంతలో రాక్షసుడు అదే తడక వెనకనుంచి నీలవేణిని శపించాడు. ఇదెక్కడి న్యాయం అంటే, "శాపం వేరు, మంత్రం వేరు. శాపానికి అడ్డమేటి?" అన్నాడు మాస్టరు. హేమశ్రీకి ఒళ్ళు మండిపోయింది. వారమంతా రుషికొండ హోటల్లో కౌంటరు దగ్గర నిలబడి, అడ్డమైనవాళ్ళు అడ్డమైన మాటలంటే "సారీ సార్" అనే నోరది. వారానికోసారి నీలవేణి ఉంది కాబట్టే ఆ నోరు నిప్పులు కక్కేది. ఇప్పుడు దాన్ని కూడా పోగొట్టుకుని, ఈ మహానుభావులకి బజ్జీలెయ్యాలా?

అట్ట వెనక టకటకమంది.

"ఇరవై! అయ్యో హేమా, పోయిందే నీ నీలవేణి!" ఆ అయ్యోలో ఏడుపు కన్నా సంబరమే ఎక్కువుంది.

హేమశ్రీ గొంతు తగ్గించింది. "ఏదీ, ఆ రూలు మళ్ళీ సెప్పు."

"అడ్డం ఉంటే పారదు."

"గుడ్డైనా?"

"గుడ్డైనా."

"అట్టైనా?"

"అట్టయినా అడ్డం అడ్డమే..." అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"మరి మాకూ నీకూ మధ్యన నిలబెట్టిందేటి, అప్పడమా? నీ రూలు ప్రకారం నీ పాచికా పారదు గుణా!"

గోపి పకపకా నవ్వాడు. "బావా, ఇదీ లాజిక్కే," అంటూ అట్ట లాగేశాడు.

వెనకాల ఫోన్లో క్రికెట్ స్కోరుంది. సగం కొరికిన బజ్జీ ఉంది. ఒక సోడా మూత ఉంది. పాచిక మాత్రం లేదు.

"పాచికేది గుణా?" అంది హేమశ్రీ.

"ఇక్కడే ఉండాలే..." అని గుణశేఖరు చాప కింద తడిమాడు.

స్టవ్వు దగ్గర్నుంచి సత్యశ్రీ లేచొచ్చింది. పిండి చెయ్యి కొంగుకి తుడుచుకుని రెండో గుప్పిట విప్పింది. పాచిక అందులో ఉంది.

"ఆట మొదలెట్టగానే దొర్లుకుంటా నా కాళ్ళ కాడికొచ్చింది. అడుగుతాడేమో అని సూత్తన్నాను. అడగడే! ఇరవైలు మాత్రం పడిపోతన్నాయి." పాచికని మాస్టరు ముక్కు ముందు ఆడించింది. "నా రాతి తలుపు రోజున ఏటి దొర్లించావు గుణా? సోడా మూతేనా? ఏడాది వేయించాను నాను మీకు బజ్జీలు."

గుణశేఖరు సోడా మూతని మెల్లిగా చాప కిందికి తోశాడు. గోపి ఈసారి అది కూడా లాగేశాడు.

హేమశ్రీ చిల్లుల గరిటె తెచ్చి మాస్టరు చేతిలో పెట్టింది. "ఇయ్యాల చచ్చిందెవరో తేలిపోయింది గదా. నూనె కాగింది, ఎల్లు."

"నాకు రాదే బాబూ!"

"గరిటె నిండా కన్నాలేలే. నీ మంత్రం పారతాది."

సత్యశ్రీ మాస్టరు చోట్లో కూచుంది. అట్టని నాలుగు మడతలేసి మూలకి విసిరేసి, పాచికని చాప మధ్యన వేసింది. మూడు తలలూ వంగి చూశాయి. పదహారు. నీలవేణి అగ్నిగోళానికి తడక భగ్గున అంటుకుంది.

"ఉప్పెంత వెయ్యాల?" అని మూలనుంచి వినపడింది. మధ్యలో ఏ అడ్డమూ లేదు. అయినా ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.