వెనకాల చప్పుడు

"ఏమ్మా, మీ ఇంట్లో ఎవరినైనా కొడుతున్నారా?" అని అడిగాడట కస్టమరు. కోడలిది వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం, ఇంట్లో కూర్చునే. టీమ్ లీడర్ ఆ రికార్డింగ్ ఆమెకే వినిపించాడు. వెనకాల చప్పుడు ఇంకోసారి వినబడితే ఇంట్లోనే కూర్చోవచ్చునని, ఉద్యోగం మాత్రం ఉండదని, మహా మర్యాదగా చెప్పాడు.

వెనకాల చప్పుడంటే అత్తగారు.

ఆవిడ ఒకప్పుడు బడిలో డ్రిల్లు టీచరు. మెడలో ఈల అలంకారానికే. "సావధాన్!" అని ఒక్క అరుపు అరిస్తే మైదానం అవతలి కొసన ఉన్న పిల్లలు కూడా కర్రల్లా బిగుసుకుపోయేవారు. ఇప్పుడు పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మిగిలింది. నోరు గలవాడిదే రాజ్యమంటారు కదా, ఆవిడ రాజ్యం ఒక మంచం, దాని కింద బెడ్‌పాన్. అది కావాలంటే పిలవాలి, పిలిస్తే ఎవరో ఒకరు రావాలి. డయపర్ మాట ఎత్తితే మాత్రం ఒప్పుకునేది కాదు. "పిలవడానికి నోరుండగా పసిపిల్లలా పక్క తడుపుకుంటానా?" అనేది. ఆవిడకు మిగిలిన పరువు అంతే, దాన్ని గొంతుతో కాపాడుకుంటోంది.

ఆదివారం మనవడు మూడు రకాల ఇయర్‌బడ్స్ తెచ్చి బల్ల మీద పరిచాడు. నచ్చనివి తిరిగి ఇచ్చేయొచ్చు. ముగ్గురూ ఒకే రకం కొంటే షాపువాడు ధర తగ్గిస్తానన్నాడు. అక్కడే వచ్చింది తంటా.

"నాకు మైకు ముఖ్యం," అంది కోడలు. "నా మాట తప్ప ఇంట్లో చీమ చిటుక్కుమన్నా అవతలికి పోకూడదు."

"మైకు నేనేం చేసుకోనమ్మా? గేమ్‌లో శబ్దం ఒక్క పిసరు ఆలస్యమైతే చాలు, వెనకనుంచి వచ్చి కాల్చేస్తారు. నేను చచ్చాక వినపడుతుంది తుపాకి!" అన్నాడు మనవడు.

"చెవి నొప్పెట్టకపోతే చాలు నాకు. పాటలు వింటూ పడుకుంటాను," అన్నాడు కొడుకు. కొంప మునుగుతున్నా నిమ్మకు నీరెత్తినట్టు ఉండే మనిషి ఆయన.

పరీక్షించాలంటే చప్పుడు కావాలి. ఆ రోజే చప్పుడు లేదు. కోడలి ఉద్యోగానికి ముప్పు వచ్చిందన్న సంగతి చెవిన పడి, పెద్దావిడ పొద్దుటినుంచి పెదవి విప్పకుండా పడుకుంది.

"రోజూ ఇల్లెగరగొడతారు. అవసరానికి మాత్రం నోరు పెగలదు," అని కోడలు విసుక్కుంది.

కొడుకు మంచం దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, ఓసారి గట్టిగా అరువమ్మా."

"ఎందుకురా?"

"ఊరికే. నీ డ్రిల్లు గొంతు విని ఎన్నాళ్ళయిందో."

తిన్నావా అని తప్ప నెలల తరబడి ఇంకో ప్రశ్న అడగని కొడుకు ఇవాళ ఆవిడ గొంతు వినాలన్నాడు. ఆవిడ మొహం ఎంత వెలిగిపోయిందో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. దిండు ఎత్తు పెట్టించుకుంది, గొంతు సవరించుకుంది. "సావధాన్!" అని అరిచింది. వీధిలో పోతున్న మనిషి ఆగి కిటికీ వంక చూశాడు.

బూడిద రంగు జతతో చేసిన రికార్డింగ్‌లో ఆ కేక ఉన్నదున్నట్టు వినబడింది. నల్లజతలో నూతిలోంచి వచ్చినట్టు వినబడింది. రెండోసారి అరవమన్నారు, అరిచింది. మూడోసారికి ఆయాసం వచ్చినా అరిచింది. తెల్లజతలో కోడలి "నమస్తే, మీ ఫిర్యాదు చెప్పండి" తప్ప మరేమీ లేదు. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియకపోయినా, పెద్దావిడ కూడా ఎడమ చేత్తో మంచం మీద తట్టింది.

తెల్లజతతో మనవడు ఒక ఆట ఆడి, శబ్దం టంచనుగా వస్తోందన్నాడు. కొడుకు వాటిని పెట్టుకుని, పాట వేసుకుని, తల్లి పక్కనే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పిలవమని కోడలు సైగ చేసింది.

"చిన్నా!" అంది ఆవిడ. "ఒరే చిన్నా! నిన్నేరా!"

ఆయన పాటకు తలాడిస్తూనే ఉన్నాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నానమ్మా!" అని మనవడు పడీపడీ నవ్వాడు.

"నా గొంతెలా వచ్చిందో నాకూ వినిపించరూ," అని అడిగింది ఆవిడ. కోడలు తెల్లదాన్ని చెవిలో పెట్టి వినిపించింది. ఆవిడ చివరిదాకా విని, "ఇందులో నేను లేనేమిటే?" అంది.

"అదేగా అత్తయ్యా కావలసింది!"

అందరూ నవ్వారు. కాస్త ఆలస్యంగా ఆవిడా నవ్వింది. తెల్లవి మూడు జతలు కొన్నారు.

ఆ వారంలో కోడలికి మెప్పు వచ్చింది. ఇల్లు ఆఫీసులా ఉందమ్మా ఇప్పుడు, అన్నాడు టీమ్ లీడర్. అదే రోజు మధ్యాహ్నం పెద్దావిడకు బెడ్‌పాన్ కావాల్సి వచ్చింది. తలుపు తెరిచే ఉంది. బల్ల ముందు కూర్చున్న కోడలి వీపు కనిపిస్తూనే ఉంది. "అమ్మాయ్," అని మెల్లగా పిలిచింది. తర్వాత కొడుకుని, మనవడిని పిలిచింది. ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. బతిమాలింది, తిట్టింది, చివరికి ఎవరైనా రండర్రా అంది. కోడలి వీపు కదల్లేదు. కాసేపటికి పిలవాల్సిన అవసరం తీరిపోయింది.

కాల్ అయ్యాక కోడలు ఇయర్‌బడ్స్ తీసి గదిలోకి వచ్చింది.

"అయ్యో రాత! ఏమిటత్తయ్యా ఇది? పిలవొచ్చు కదా! పక్కనే ఉన్నాను, ఒక్క కేక వేస్తే రానా?"

ఆమె అబద్ధమాడటం లేదు. ఒక్క కేక కూడా వినలేదు పాపం. దుప్పటి లాగి, చీర మార్చి, ముక్కు మూసుకోకుండానే అంతా శుభ్రం చేసింది.

"మరిచిపోయానమ్మా," అంది పెద్దావిడ. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. "రేపు పిలుస్తాను. తప్పకుండా పిలుస్తాను. ఆ డయపర్ మాత్రం కట్టకే తల్లీ."

కోడలు అప్పటికే గుమ్మంలో నిలబడి పక్క గదిలో ఉన్న మనవడికి ఫోన్ చేస్తోంది, పిలిస్తే వాడికి వినబడదు కనుక. పెద్ద సైజువి తెమ్మంటోంది.