రిబ్బన్ కట్ కాని గది

విజయశ్రీ మేడమ్ ఎక్కడ జడ్జిగా పనిచేసినా పిల్లల కోసం ఏదో ఒకటి చేసిగానీ బదిలీ కారు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒకచోట బాలసదనం గోడల మీద కుందేళ్ల బొమ్మలు వేయించారు. ఇంకోచోట కోర్టు ఆవరణలో ఉయ్యాల కట్టించారు. పిల్లలు కింద పడితే ఎవరు బాధ్యులో తేలక, తర్వాత దాన్ని గొలుసుతో కట్టి తాళం వేశారట. గొలుసు మంచి రకం అని మేడమే మాతో చెప్పారు.

మా ఫ్యామిలీ కోర్టుకు వచ్చాక బాలల గది మొదలుపెట్టారు. విడిపోయిన తల్లిదండ్రుల పిల్లలు అమ్మనో నాన్ననో మెట్ల కింద, వరండాలో నిలబడి కలుసుకునే అవస్థ పోవాలన్నది ఆమె ఉద్దేశం. ఆ మాటకొస్తే మంచి ఉద్దేశమే. పసుపు రంగు గోడలు, చిన్న చిన్న కుర్చీలు, మనిషంత ఎలుగుబంటి బొమ్మ. గది సిద్ధమై రెండు నెలలైంది. హైదరాబాద్ నుంచి పెద్ద జడ్జి గారు వచ్చి రిబ్బన్ కత్తిరించాలి. ఆయన తేదీ దొరకలేదు. అందాకా బొమ్మల మీద కవర్లు తీయలేదు, తలుపు తాళమూ తీయలేదు.

మేడమ్ ఉత్తర్వులు మాత్రం రిబ్బన్ కోసం ఆగలేదు. గోడల రంగు ఆరిన రోజు నుంచే “కోర్టు బాలల గదిలో కలుసుకోవాలి” అని చెప్పడం మొదలుపెట్టారు. టైపు కొట్టింది నేనే.

కొత్తవాడ మగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే పద్మలతకు వచ్చిన ఉత్తర్వు కూడా అలాంటిదే. ఏడేళ్ల కూతురు మహిత తండ్రి దగ్గర వర్ధన్నపేటలో ఉంటోంది. ప్రతి శనివారం రెండు నుంచి నాలుగు గంటల దాకా తల్లి బాలల గదిలో బిడ్డను కలవవచ్చు. వరుసగా మూడుసార్లు కలవకపోతే ఆ ఏర్పాటు రద్దు.

మొదటి శనివారం మహితను నానమ్మ సమ్మమ్మ తీసుకొచ్చింది. తాళం చూసి మెట్ల మీదే ఆగిపోయింది.

“అత్తమ్మా, జర సేపు ఈడ్నే కూసుంటం” అంది పద్మలత.

“నాకేం తెల్వది. గదిల అని రాసిండ్రు. బయట కల్పిస్తే రేపు వకీలు నా మీదికే వస్తడు” అని సమ్మమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని బస్టాండుకు వెళ్లిపోయింది. రెండో శనివారమూ అంతే. మా రిపోర్టు ఫారంలో రెండే గడులు: కలిశారు, కలవలేదు. గది తెరవలేదు అనడానికి గడి లేదు. రెండుసార్లూ నేను “కలవలేదు” దగ్గరే టిక్కు పెట్టాను.

మూడో శనివారమే పెద్ద జడ్జి గారి తేదీ దొరికింది. పద్మలత పన్నెండింటికే వచ్చి తలుపు ఎదురుగా నిలబడింది. ఫోటోల కోసం ఒక హాస్టల్ నుంచి పన్నెండు మంది పిల్లలను పిలిపించారు. వాళ్ల వ్యాను దారిలో చెడిపోయింది. మా సూపరింటెండెంట్ రాజేశ్వర్ రావు గారికి చెమటలు పట్టాయి.

“భారతీ, బాలల గదికి బాలలే లేకపాయె! ఎవలన్న ఒక్క పిల్లను పట్టుకరా” అన్నారు నాతో. అంతలోనే, అప్పుడే మెట్లెక్కి వస్తున్న సమ్మమ్మ పక్కన కొత్త గౌనులో ఉన్న మహిత ఆయన కంటపడింది. “అవ్వా, నీ మనవరాలు రేపు పేపర్ల వడ్తది.”

రెండు వారాలు వకీలుకు భయపడిన సమ్మమ్మ పేపరు అనేసరికి పిల్ల జడలు సరిచేసి పంపింది.

రిబ్బన్ తెగింది. చప్పట్లు కొట్టారు. మహితను ఎలుగుబంటి పక్కన కూర్చోబెట్టారు. “నవ్వు బేటా” అన్నాడు ఫోటోగ్రాఫర్. పిల్ల పెదవి వంకర పోయింది. జనం కాళ్ల సందుల్లోంచి చూసి “అమ్మా” అని ఏడుపు అందుకుంది.

“తల్లి ఎవరు? లోపలికి రమ్మనండి” అన్నారు పెద్ద జడ్జి గారు.

పద్మలత గుమ్మం దాటి వచ్చి బిడ్డ పక్కన కూర్చుంది. మహిత ఆమె మెడకు వేలాడి నవ్వింది. ఫోటో బాగా వచ్చింది. పెద్దలందరూ టీకి కదిలారు.

రాజేశ్వర్ రావు గారు తాళంచెవితో వచ్చారు. “లెవ్వమ్మా, అయిపోయింది. ఇయ్యాల ఓపెనింగే. వాడుడు సోమారం సంది.”

పద్మలత లేవలేదు. “టైం ఎంతయింది అక్కా?” అని నన్ను అడిగింది.

“మూడుకు పది నిమిషాలు.”

“ఇంక గంట మీద పది నిమిషాలున్నది సార్. గదిల ఉన్న, బిడ్డ ఉన్నది, శనివారమే” అని కొంగు ముడి విప్పి, మడతలు పడ్డ ఉత్తర్వు తీసి ఆయన చేతిలో పెట్టింది. “ఇయ్యాల కూడ కల్వకపోతే నా బిడ్డను ఇగ చూపెట్టరట. జెర చదువుండ్రి.”

ఆయన చదవకుండా మేడమ్ దగ్గరికి పరుగెత్తారు. మేడమ్ వచ్చారు. ఆమె వెనకే టీ కప్పుతో పెద్ద జడ్జి గారూ వచ్చారు. మేడమ్ కాగితం చదివారు. అడుగున ఉన్న తన సంతకం దగ్గర కాసేపు ఆగారు. తలుపు వైపు, తాళం వైపు, చివరికి నా వైపు చూశారు. నేను ఫారాలు ఛాతీకి హత్తుకుని నిలబడ్డాను.

“ఏమిటమ్మా సమస్య?” అన్నారు పెద్ద జడ్జి గారు.

“సమస్యేం లేదు సార్” అన్నారు మేడమ్, చిరునవ్వుతో. “తెరిచిన పూటే గదిని వాడుకలోకి తెచ్చాం. మీకు చూపిద్దామనే.”

“భేష్” అన్నారాయన.

నేను “కలిశారు” దగ్గర టిక్కు పెట్టాను. మేడమ్ అక్కడికక్కడే సంతకం చేశారు. ఆమె చేతిరాత ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

నాలుగయ్యేసరికి మహిత తల్లి ఒడిలో నిద్రపోయింది. రాజేశ్వర్ రావు గారు గుమ్మంలో నిలబడి రెండుసార్లు దగ్గారు. పిల్ల కదల్లేదు. ఉక్కపోస్తే లేస్తుందనుకున్నారేమో, ఫ్యాను స్విచ్ మీద చెయ్యి వేశారు.

“ఆగు సార్” అంది సమ్మమ్మ. గోడకు ఆనుకుని చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుని ఉంది. “బందు వెట్టకు, పొల్ల లేస్తది. మేం ఎనకొచ్చే బస్సుకు వోతం.”

ఆయన స్విచ్ మీద నుంచి చెయ్యి తీశారు.